యాభయ్యో పావలా

మన బడిలో నేను చెప్పేది చిన్నపిల్లల తరగతి. ప్రతి ఏడాదీ ఒక ఆదివారం, "మీ ఇంట్లో ఉన్న పాత వస్తువు ఒకటి తెచ్చి, దాని గురించి తెలుగులో నాలుగు వాక్యాలు చెప్పండి" అంటాను. పిల్లలు ఉత్సాహంగా తెస్తారు. నానమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబు, తాతయ్య చేతి గడియారం, పెళ్ళినాటి గంధం గిన్నె... ఒకసారి ఒక పాప, వాళ్ళమ్మ సాయంతో, రుబ్బురోలు పొత్రం మోసుకొచ్చింది! టీచర్ కూడా ఏదో ఒకటి తేవాలన్నది వాళ్ళు పెట్టిన నియమం. నేను ప్రతిసారీ ఒకటే తీసుకెళ్తాను. అమెరికా పటం అచ్చువేసిన ఒక దళసరి అట్ట. అందులో యాభై గుండ్రటి గడులు, యాభై గడుల్లో యాభై క్వార్టర్లు.

పోయినసారి ఒక బాబు దాన్ని చాలాసేపు తడిమి చూశాడు. "టీచర్, ఇది కంప్లీట్ అయిపోయిందా?" అన్నాడు. అయిపోయిందన్నాను. వాడికి నమ్మకం కలగలేదు. "నా దగ్గర కార్డులు ఉన్నాయి. అవి ఎప్పుడూ కంప్లీట్ అవ్వవు. నేను కొనేలోపల కొత్తవి వచ్చేస్తాయి. మీకు అయిపోయిందని ఎలా తెలిసింది?"

గంట కొట్టే వేళయింది. నవ్వి ఊరుకున్నాను. కానీ అది ఊరుకోవలసిన ప్రశ్న కాదు. మా ఇంట్లో దాని జవాబుకి పదేళ్ళు పైనే పట్టింది. ఈ సంచికకి ఏదైనా రాయమని కమిటీవారు అడిగారు కాబట్టి, ఆ బాబుకి చెప్పాల్సిన జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను చేసిన ఒక చిన్న మోసం కూడా ఉంది. పిల్లలూ, అది మాత్రం మీరు చెయ్యకండి.

* * *

1999లో అమెరికా టంకశాల ఒక పని మొదలుపెట్టింది. పావు డాలరు బిళ్ళ మీద ఒకవైపు వాషింగ్టన్ తల అలాగే ఉంచి, రెండోవైపు గద్దని తీసేసి, ఒక్కో రాష్ట్రానికి ఒక్కో బొమ్మ వేసింది. ఏడాదికి ఐదు రాష్ట్రాలు, మొత్తం పదేళ్ళు. రాజ్యాంగాన్ని ఆమోదించి యూనియన్‌లో చేరిన వరసలోనే నాణేలూ వచ్చాయి. అందుకని మొదటిది డెలావేర్, ఆఖరిది హవాయి. సుమారు పది వారాలకి ఒక కొత్త నాణెం.

అప్పట్లో మేము న్యూజెర్సీలో అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. ఆ రోజుల్లో అపార్ట్‌మెంట్లలో ఉన్నవాళ్ళకి క్వార్టర్ల విలువ వేరే చెప్పక్కర్లేదు. లాండ్రీ మిషన్లు వాటినే మింగేవి. పది డాలర్ల నోటిచ్చి బ్యాంకులో నలభై క్వార్టర్ల కాగితం చుట్ట తెచ్చుకుని, ఒక ఖాళీ ఊరగాయ సీసాలో పోసుకునేవాళ్ళం. కూరల షాపులో, టోల్ దగ్గర చిల్లరగా వచ్చినవీ అందులోకే. మావారు ఒకరోజు షాపులో ఈ అట్ట చూసి, మావాడికి రాష్ట్రాల పేర్లు వస్తాయి కదా అని కొనుక్కొచ్చారు. వాడప్పుడు బడికి కూడా వెళ్ళడం లేదు. నాలుగు గడులు నింపి మర్చిపోయాడు.

మళ్ళీ దాన్ని బయటికి తీసింది మా నాన్న.

నాన్న ఆర్టీసీలో కండక్టరు. 1962లో చేరి 1995లో రిటైరయ్యారు. ఎక్కువ కాలం రేపల్లె డిపోలోనే. 2003 ఏప్రిల్‌లో అమ్మా, నాన్నా ఆర్నెల్లకని మా దగ్గరికి వచ్చారు. ఇక్కడ ఎండ ఉన్నా చలేస్తుంది, బయటికెళ్తే మాట్లాడే మనిషి ఉండడు. అమ్మ వంటింట్లో పడి కాలక్షేపం చేసేది. నాన్నకి మాత్రం రెండు వారాల్లో ఇల్లు జైలైపోయింది. ఒకరోజు నేను లాండ్రీకి బయల్దేరుతుంటే సీసాలోంచి ఒక క్వార్టర్ తీసి కళ్ళజోడు పైకెత్తి చూశారు.

"ఇదెంతమ్మా?"

"పావు డాలరు నాన్నా."

"అంటే పావలా. అమెరికా పావలా! మరి దీనిమీద చెట్టుంది, దానిమీద పడవుంది, ఒకే పావలాకి ఇన్ని బొమ్మలేంటి?"

చెట్టు కనెక్టికట్‌ది, పడవలో నిలబడ్డది డెలావేర్ నది దాటుతున్న వాషింగ్టన్, అంటే మా న్యూజెర్సీది. మావాడు గబగబా వెళ్ళి మంచం కిందనుంచి అట్ట లాక్కొచ్చాడు. ఆ రోజు బట్టలు ఉతకలేదు. తాతా, మనవడూ సీసా బోర్లించి సాయంత్రం దాకా ఏరుతూ కూర్చున్నారు.

ఆ మే నెల మొదట్లోనే న్యూ హాంప్‌షైర్‌లో కొండ మీద ముసలాయన మొహంలా కనిపించే రాయి విరిగిపడిపోయిందని టీవీలో చూపించారు. 2000లో వచ్చిన ఆ రాష్ట్రం క్వార్టర్ మీద ఉన్నది ఆ మొహమే. నాన్న ఆ బిళ్ళని ఒకటికి రెండుసార్లు తిప్పి చూసి, "కొండ పోయింది, బిళ్ళ మీద ఉండిపోయింది" అన్నారు. ఆ ఏడాదే వచ్చిన అలబామా బిళ్ళ మీద హెలెన్ కెల్లర్ పేరు బ్రెయిలీలో కూడా ఉందని మావాడు బళ్ళో విని వచ్చి చెబితే, కళ్ళు మూసుకుని వేలితో తడిమి చూశారు. సంచీలో చెయ్యిపెట్టి, చూడకుండానే బిళ్ళని తాకి ఎంతో చెప్పగలిగిన మనిషి ఆయన.

* * *

నాన్నకి బిళ్ళలు కొత్త కాదు. ఊళ్ళో ఆయన దగ్గర ఒక బిస్కెట్ డబ్బా ఉండేది. అందులో డెబ్భై పైచిలుకు నాణేలు. చిన్నప్పుడు మా అక్కా నేనూ ఆ డబ్బా ముట్టుకోవాలంటే చేతులు కడుక్కుని రావాలి. ఆ కథంతా ఇక్కడ మావాడికి చెప్పారు.

ఆయన ఉద్యోగంలో చేరేటప్పటికి నయాపైసలు వచ్చి ఐదేళ్ళయింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారు అణాలు పోయి నూరు నయాపైసలు వచ్చాయి. కానీ ముసలివాళ్ళు అణాల్లోనే లెక్క చెప్పేవారట. అణా అంటే ఆరుంపావు నయాపైసలు. ఆ పావు దగ్గర బస్సులో రోజూ తగువే! అలా మొదలైన ఆయన సంచీలోకి ముప్పైమూడేళ్ళలో ఎన్నో రకాలు వచ్చాయి. నలుపలకల పైస, గీరల అంచు రెండు పైసలు, ఆరు పలకల మూడు పైసలు. తామరపువ్వు ఉన్న ఇరవై పైసల ఇత్తడి బిళ్ళ. అది దొరికితే అమ్మ లక్ష్మీపూజకి కావాలని గొడవ చేసేది. 1964లో వచ్చిన నెహ్రూ అర్ధరూపాయి, 1982 ఏషియన్ గేమ్స్ బిళ్ళ. ఒక ముసలమ్మ కొంగుముడిలోంచి తీసి ఇచ్చిన చిల్లు కానీ కూడా ఒకటుంది. అది అప్పటికే చెల్లదు. పాపం పోనీలెమ్మని ఆమె టికెట్ డబ్బులు తన జేబులోంచి వేశారట.

"సంచీలో డబ్బులు తీసుకోవచ్చా తాతయ్యా?" అని మావాడు అడిగాడు.

"తప్పు కదూ! పది పైసల బిళ్ళ తీసుకుంటే నా పది పైసలు అందులో వేసేవాణ్ణి. పావలాకి పావలా. కంపెనీ లెక్కలో కానీ కూడా తేడా రాకూడదు. ఎక్కువిచ్చి కొన్నదీ లేదు, ఊరికే తీసుకున్నదీ లేదు."

1969లో గాంధీగారి శతజయంతికి పది రూపాయల వెండి నాణెం వచ్చింది. పల్లెటూరి బస్సులో టికెట్‌కి పది రూపాయల వెండి బిళ్ళ ఎవరిస్తారు? నాన్నకి అది రాలేదు. తర్వాత ఎవరో స్నేహితుడు ఇస్తానంటే వద్దన్నారు. "నా సంచీలోకి రాలేదు. కాబట్టి నా లెక్కలో లేదు."

1995లో ఆఖరి డ్యూటీ రోజున చివరి ట్రిప్పులో ఒక పిల్లాడు ఇచ్చిన ఖడ్గమృగం బొమ్మ పావలాతో ఆ డబ్బా మూసేశారు. తర్వాత కొత్త రకం బిళ్ళలు చేతికి వచ్చినా వాటితో కూరగాయలు కొనుక్కున్నారు గానీ డబ్బాలో వెయ్యలేదు.

* * *

మావాడికి ఆ ఏడాది ఏడేళ్ళు. ఆ వయసులో ఓపిక ఉండదు కదా. వాళ్ళ నాన్నతో కలిసి మాల్‌కి వెళ్ళి వచ్చి, "అక్కడ షాపులో అన్నీ అమ్ముతున్నారు, కొనేద్దాం" అని మొదలుపెట్టాడు. మావారికీ అదే నయమనిపించింది. "ముప్పై డాలర్లతో అయిపోయేదానికి ఇంత వెతుకులాట దేనికండీ?" అన్నారు మామగారితో.

నాన్న అల్లుడికి ఎదురు చెప్పే రకం కాదు. మనవణ్ణి అడిగారు. "ఒరే, కొంటే ఎన్ని రోజుల్లో అయిపోతుంది?"

"ఇవ్వాళే!"

"రేపేం చేస్తావు?"

వాడి దగ్గర జవాబు లేదు.

ఇంకో పేచీ మరుసటి వారం వచ్చింది. నాన్న భూతద్దంతో చూస్తూ వాషింగ్టన్ జడ పక్కన చిన్న అక్షరం ఉందని కనిపెట్టారు. కొన్నింటి మీద పి, కొన్నింటి మీద డి. పి అంటే ఫిలడెల్ఫియా టంకశాల, డి అంటే డెన్వర్. మన నాణేల మీద కూడా ఇలాగే ఉంటుందని మావాడికి చెప్పారు. తారీఖు కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్, డైమండ్ ఉంటే బొంబాయి, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏ గుర్తూ లేకపోతే కలకత్తా. అంతే, మావాడి కళ్ళు పెద్దవయ్యాయి. "అయితే యాభై కాదు, వంద కావాలి!"

అప్పుడు నాన్న ఒక మాటన్నారు. "వందయ్యాక శాన్‌ఫ్రాన్సిస్కోలో వేసినవీ ఉన్నాయంటావు. ఆ తర్వాత తప్పుగా అచ్చుపడినవి కావాలంటావు. హద్దు లేని పొలానికి కంచె ఎవరూ వెయ్యలేరురా. ముందు హద్దు గీసుకో. తర్వాత దాన్ని జరపకు."

ఆ సాయంత్రం ఇద్దరూ కూర్చుని అట్ట వెనకాల మూడు వాక్యాలు రాశారు. అక్షరాలు మావాడివి, మాటలు నాన్నవి.

ఒకటి, రాష్ట్రానికి ఒకటే.
రెండు, పావలా పావలాకే రావాలి.
మూడు, యాభైతో ఆఖరు.

బ్యాంకు నుంచి తెచ్చే కాగితం చుట్ట సంగతేమిటన్నది పెద్ద చర్చ. పది డాలర్లిస్తే పది డాలర్లే ఇస్తున్నారు కాబట్టి అదీ చిల్లరేనని నాన్న తీర్పు చెప్పారు.

ఇంకో లాభం కూడా జరిగింది. దొరికిన ప్రతి బిళ్ళనీ ఒక నోటుపుస్తకంలో తెలుగులో రాయాలని నాన్న షరతు పెట్టారు. ఆదివారం తెలుగు క్లాసులో ఒత్తులంటే ఏడ్చే మావాడు, మిస్సిసిప్పి రాయడం కోసం సకి స వత్తు, పకి ప వత్తు నేర్చుకున్నాడు. వర్జీనియాతో గుడిదీర్ఘం, ఇల్లినాయ్‌తో ల వత్తు. మసాచుసెట్స్ మాత్రం మూడు రోజులు పట్టింది. ఇప్పటికీ మా తరగతిలో ద్విత్వాక్షరాలకి మొదటి మాట మిస్సిసిప్పే!

* * *

అక్టోబరులో వాళ్ళు వెళ్ళిపోయారు. అప్పటికి పందొమ్మిది గడులు నిండాయి. వెళ్ళేముందు నాన్న ఒక క్యాలెండర్ కాగితం వెనక యాభై రాష్ట్రాల పేర్లూ వరసగా రాసుకుని మడిచి జేబులో పెట్టుకున్నారు. ఊళ్ళో బీరువా తలుపు లోపలివైపు దాన్ని అంటించారట.

అప్పట్నించీ మా ఆదివారం ఫోన్లు మారిపోయాయి. అంతకుముందు ఫోన్ కార్డు గీకి నంబరు కొట్టి నాన్నతో మాట్లాడమంటే, మావాడు "బాగున్నావా తాతయ్యా, బాగున్నాను తాతయ్యా" అని ఫోన్ నాకిచ్చేసేవాడు. ఇప్పుడు అయిదు నిమిషాల కార్డు వాళ్ళిద్దరికే చాలేది కాదు. "టెక్సస్ వచ్చింది తాతయ్యా, నక్షత్రం ఉంది!" "హైదరాబాద్‌దా ఏంటి?" "కాదు తాతయ్యా, వాళ్ళదే!" విస్కాన్సిన్ మీద ఆవు ఉందంటే అమ్మ పక్కనుంచి "ఎన్ని పాలిస్తుందో కనుక్కో" అనేది. నాన్న అక్కడ పేరుకి టిక్కు పెట్టేవారు, వీడిక్కడ నోటుపుస్తకంలో రాసేవాడు. అమెరికా రాష్ట్రాల పేర్లు వరసగా చెప్పగలిగిన మనిషి రేపల్లెలో ఆయన ఒక్కరే అయ్యుంటారు.

2008 నవంబరులో హవాయి నాణెం వచ్చింది. కమేహమేహా రాజు, పక్కన దీవులు. "మన చెప్పుల ఊరు వచ్చేసిందా!" అని నాన్న నవ్వారు. అప్పటికి నలభై తొమ్మిది నిండాయి. మిగిలింది అదొక్కటే.

అదే సమయానికి నాన్నకి కిడ్నీలు పాడయ్యాయని తెలిసింది. డిసెంబరు కల్లా వారానికి రెండుసార్లు గుంటూరు తీసుకెళ్ళి డయాలసిస్ చేయించాల్సి వచ్చింది. ఇక్కడ మావారి కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు. వీసా కాగితాలు మధ్యలో ఉన్నాయి. నేను వెళ్తే తిరిగి రావడం సందేహమని లాయరు చెప్పారు. ఆ సంవత్సరం ఇక్కడ ఉన్నవాళ్ళలో చాలామందికి ఈ కథ తెలుసు, వివరించను.

ఆదివారం ఫోన్ చేస్తే నాన్న గొంతు సన్నగా వచ్చేది. ఒంట్లో ఎలా ఉందంటే చెప్పేవారు కాదు. ఒకటే అడిగేవారు. "హవాయి వచ్చిందా?"

రాలేదు. మావాడు కనపడ్డ ప్రతి క్వార్టర్నీ తిప్పి చూస్తున్నాడు. మేము రెండు బ్యాంకుల్లో చుట్టలు తెచ్చాం. అలాస్కా ఎలుగుబంటి నాలుగుసార్లు వచ్చింది. రాజుగారు మాత్రం రాలేదు.

జనవరిలో ఒక శనివారం, మావాడు బాస్కెట్‌బాల్‌కి వెళ్ళినప్పుడు, నేను నాణేల షాపుకి వెళ్ళాను. హవాయి ఉందా అంటే, కాగితం కవరులో పెట్టి ఇచ్చాడు. కవరు మీద పెన్సిల్‌తో రెండు డాలర్లు అని ఉంది. ఇంటికొచ్చి కవరు చెత్తబుట్టలో పారేసి, బిళ్ళని ఊరగాయ సీసాలో వేసి కలిపేశాను. పావలాని రెండు డాలర్లకి తెచ్చాను. నాన్న పెట్టిన రెండో వాక్యం నాకు గుర్తు లేకపోలేదు.

మావాడు వచ్చి, అలవాటు ప్రకారం సీసా బోర్లించాడు. కాసేపటికి "అమ్మా" అన్నాడు. చేతిలో హవాయి. నేను ఆశ్చర్యం నటించాను. వాడు గంతులేస్తాడనుకున్నాను, వెయ్యలేదు. బిళ్ళని రెండువైపులా చూసి, "తాతయ్యకి ఫోన్ చేద్దాం" అన్నాడు. అప్పటికి అక్కడ అర్ధరాత్రి దాటింది. రాత్రి తొమ్మిది దాకా ఆగాం, అక్కడ పొద్దున్న ఏడున్నర. అమ్మ ఫోన్ నాన్న చెవి దగ్గర పెట్టింది. వాడు ఫోన్ పట్టుకుని తన గదిలోకి వెళ్ళి మాట్లాడాడు. బయటికొచ్చాక, "తాతయ్య సంతోషించాడు" అని ఒక్క మాట చెప్పి పడుకున్నాడు.

పదహారు రోజులకి నాన్న పోయారు. ఏదైతే అదే అవుతుందని బయల్దేరాను. అయినా మూడో రోజుకి గానీ చేరలేకపోయాను.

బీరువా తలుపు తెరిస్తే ఆ కాగితం కనిపించింది. యాభై పేర్లు, యాభై టిక్కులు. హవాయి పక్కన టిక్కు వంకరగా ఉంది, చెయ్యి వణికినట్టు. కింద "50/50" అని వేసి, డ్యూటీ దిగేటప్పుడు లెక్క కాగితం మీద పెట్టే సంతకం పెట్టారు. అది చూసి నాకు ఏడుపు ఆగలేదు. అందరూ తండ్రి కోసమనుకున్నారు. నిజమే, కానీ ముప్పైమూడేళ్ళు కానీ తేడా లేకుండా లెక్క అప్పజెప్పిన మనిషి చేత ఆఖరున ఒక తప్పు లెక్క మీద సంతకం పెట్టించానన్న బాధ కూడా అందులో ఉంది. కాగితం జాగ్రత్తగా ఊడదీసి తెచ్చుకుని, ఇక్కడ ఫ్రేము కట్టించి గోడకి పెట్టాను. ఎవరికీ ఏమీ చెప్పలేదు.

* * *

టంకశాల మాత్రం ఆగలేదు. 2009లో వాషింగ్టన్ డీసీకీ, ప్యూర్టోరికో, గువామ్ లాంటి అయిదు ప్రాంతాలకీ కలిపి ఇంకో ఆరు క్వార్టర్లు వచ్చాయి. మాంద్యంలో చిల్లరకి గిరాకీ లేక వాటిని తక్కువ వేశారు. 2000లో వర్జీనియా బిళ్ళలు 150 కోట్లు దాటితే, ఉత్తర మారియానా దీవులవి 7 కోట్ల పైచిలుకే. ఆ తర్వాత 2010 నుంచి 2021 దాకా జాతీయ పార్కులూ చారిత్రక స్థలాలవీ 56. వాటిలో 2019, 2020ల్లో వచ్చిన కొన్నింటి మీద వెస్ట్ పాయింట్ టంకశాల అక్షరం పడింది. చిల్లరలోకి వదిలిన క్వార్టర్ల మీద అది మొదటిసారి. జనం చుట్టలకి చుట్టలు విప్పి వెతికారు. 2022 నుంచి 2025 దాకా ప్రసిద్ధ మహిళలవి ఇరవై. మరోవైపు 1793 నుంచి వస్తున్న సెంటు నాణెం 2025 నవంబరులో ఆగిపోయింది. మన దగ్గర 2011 జూన్ 30తో పావలా కూడా చెల్లకుండా పోయింది. కొత్తవి రావడం, పాతవి పోవడం టంకశాల ఇష్టం. దాని వెంట పరిగెత్తితే ఆ బాబు కార్డుల్లాగే ఎప్పటికీ అవ్వదు.

2009లో మొదటి డీసీ క్వార్టర్ వచ్చినప్పుడు మావారు కొత్త అట్ట కొంటానన్నారు. మావాడికి అప్పుడు పదమూడేళ్ళు. "మనది యాభైతో ఆఖరు కదా" అని దాన్ని లాండ్రీ మిషన్లో వేసేశాడు. వాడి పట్టుదల చూసి నాకు ఇంకా గిల్టీగా ఉండేది.

2014లో వాడు కాలేజీకి వెళ్ళాడు. హాస్టల్లో మళ్ళీ అదే లాండ్రీ, అవే క్వార్టర్లు. థాంక్స్‌గివింగ్‌కి ఇంటికొచ్చిన రోజు, సంచీ దించకుండానే గోడ దగ్గరికి వెళ్ళి ఫ్రేము తీసి, జేబులోంచి ఒక బిళ్ళ తీసి బల్ల మీద పెట్టాడు. అరిగి నల్లబడిన హవాయి. పి అక్షరం.

"లాండ్రీ రూములో చేంజ్ మిషన్ ఇచ్చింది. డాలర్‌కి నాలుగు" అన్నాడు.

"మన దగ్గర హవాయి ఉందిగా?" నా గొంతు నాకే తేడాగా వినిపించింది.

"అది నువ్వు కొన్నది కదమ్మా."

నాకు మాట రాలేదు. వాడే చెప్పాడు. ఆ రోజు పొద్దున్నే ఒకసారి సీసా అంతా చూశాడట, అందులో లేదు. మాకు చిల్లరలో వచ్చేవి ఎక్కువ ఫిలడెల్ఫియావి, అదేమో డెన్వర్‌ది, పైగా అద్దంలా మెరుస్తోంది. చెత్తబుట్టలో రెండు డాలర్ల కవరు కూడా చూశాడు.

"మరి తాతయ్యకి ఎలా చెప్పావురా, దొరికిందని?"

"దొరికిందని చెప్పలేదు. అమ్మ కొనుక్కొచ్చిందని చెప్పాను."

పన్నెండేళ్ళ పిల్లాడు గది తలుపు వేసుకుని వాళ్ళ తాతయ్యకి నిజం చెప్పాడు. నాన్న కాసేపు ఏమీ మాట్లాడలేదట. తర్వాత నవ్వి, "మీ అమ్మని ఏమీ అనకు. బస్సులో చిల్లర లేకపోతే మేమేం చేస్తామో తెలుసా? టికెట్ వెనక రాసిస్తాం. అది మోసం కాదు, బాకీ. నేను రాసుకుంటాను, నువ్వు తర్వాత తీర్చు" అన్నారట.

మావాడు ఫ్రేము వెనక మేకులు ఊడదీసి కాగితం తిప్పాడు. ఐదేళ్ళుగా మా గోడ మీద ఉంది, నేనెప్పుడూ వెనకవైపు చూడలేదు. క్యాలెండర్లో ఏదో నెల, తారీఖుల గళ్ళు. మూల నాన్న చేతిరాతతో "హవాయి 1 పావలా బాకీ" అని రాసి, చుట్టూ సున్నా చుట్టి ఉంది. కండక్టర్లు టికెట్ వెనక చుట్టినట్టే. ఆయన సంతకం తప్పు లెక్క మీద పెట్టలేదు. బాకీ చూపించి మరీ పెట్టారు.

మావాడు పెన్ను తీసుకుని ఆ బాకీని అడ్డంగా కొట్టేసి, పక్కన తారీఖు వేశాడు. అట్టలోంచి మెరిసే హవాయిని తీసేసి, అరిగిన హవాయిని పెట్టాడు. తీసినదాన్ని నా చేతిలో పెట్టి, "ఇదిగో నీ రెండు డాలర్ల పావలా" అన్నాడు. ఇద్దరం నవ్వాం. తర్వాత నేను వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు.

* * *

ఇప్పుడు ఆ బాబుకి జవాబు.

నాన్నా, కంప్లీట్ అయిందో లేదో కార్డులు అచ్చువేసేవాళ్ళని అడగకు. వాళ్ళు ఎప్పటికీ లేదనే చెబుతారు. ముందు నువ్వు మూడు వాక్యాలు రాసుకో. ఏది లెక్కలోకి వస్తుంది, ఎలా రావాలి, ఎక్కడ ఆఖరు. రాసుకున్నాక నీకు కష్టమైందని వాటిని మార్చకు. ఎప్పుడైనా తప్పాల్సి వస్తే, దాచకుండా వెనక రాసిపెట్టి, తర్వాత తీర్చు. అలా నిండితే ఇరవై కార్డులైనా పూర్తయినట్టే.

ఇంకొక మాట. యాభై రాష్ట్రాల క్వార్టర్లకి 2009లో వచ్చిన ఆరూ కలిపితే యాభై ఆరు. మన క్లాసు గోడ మీద ఉన్న అక్షరాలూ యాభై ఆరే! ఈ సంగతి నాన్నకి చెప్పలేకపోయాను, చెబితే మూడో వాక్యం మారుద్దామా అని ఒక్క క్షణమైనా ఆలోచించేవారు. అందులో ఌ, ౡ మీకు ఏ కథల పుస్తకంలోనూ కనపడవు. అవి రాకపోయినా మీ తెలుగుకి లోటేమీ లేదు. కానీ ఊళ్ళో అమ్మమ్మతో ఫోన్లో అయిదు నిమిషాలు మాట్లాడటం రాకపోతే మాత్రం అది బాకీ కిందే లెక్క. రాసిపెట్టుకోండి.

ఆ మెరిసే హవాయి చాలా ఏళ్ళు నా పర్సు లోపలి అరలో ఉంది. ఖర్చు పెట్టబుద్ధి కాలేదు, దాచుకోబుద్ధీ కాలేదు. పోయిన వేసవిలో రైతుబజారులో టొమాటోలు కొంటుంటే పావు డాలరు తక్కువైంది. తీసి ఇచ్చేశాను. ఆవిడ డబ్బాలో పడేసుకుని తర్వాతవాళ్ళకి చిల్లర ఇచ్చేసింది. చిల్లరలోంచి రావలసింది చిల్లరలోకే పోయింది.

2008, హవాయి, డి అక్షరం. ఎప్పుడైనా మీ చేతిలో పడితే తిప్పి చూడండి. ఈసారి మీకు పావలాకే వస్తుంది.